చక్రాల మీది సంసారం

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



ఇల్లు ఇరుకని అనుకోని ఇల్లాలు ఉంటుందా చెప్పండి? రెండు గదుల వాటాలో ఉన్నవారికి మూడో గది ఉంటే బాగుండుననిపిస్తుంది. మూడు గదులున్నవారికి సామాన్లు పెట్టుకునే చోటు చాలదు. పండక్కి నలుగురు చుట్టాలొస్తే పక్కలెక్కడ వేయాలా అని బెంగ. సరే, ఏడెనిమిది అడుగుల పొడవు, నాలుగడుగులకు మించని వెడల్పు ఉన్న చోటు మీకిచ్చి, ఇందులో అయిదారుగురు మనుషుల్ని, వారం పదిరోజుల తిండిని, బట్టల్ని, పక్కల్ని, గిన్నెల్ని సర్దమంటే ఏమంటారు? పైగా ఆ ఇల్లు రోజంతా కుదుపుతూ, రాళ్ళ మీద ఎగురుతూ, వాగులు దాటుతూ పోతుందంటే? అమ్మో, మా వల్ల కాదంటారు. కాని మన నాయనమ్మలూ అమ్మమ్మలూ సర్దారు. ఆ ఇంటి పేరే గూడుబండి.

ఈ రోజు ఆ గూడుబండిని ఎలా కట్టేవారో, అందులో ఎలా కాపురం చేసేవారో మీతో ముచ్చటించాలనుకుంటున్నాను. మహదేవపూర్ ప్రాంతాన్నే ఎందుకు తీసుకున్నానంటే, ఈ ఇంటికి కావలసినవన్నీ అక్కడ ఒక్కచోట ఉన్నాయి. ఒకవైపు గోదావరి, చుట్టూ అడవి. 2016 అక్టోబరు దాకా కరీంనగర్ జిల్లాలో ఉన్న ఈ ఊరు ఇప్పుడు జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో ఉంది. గోదావరీ ప్రాణహితా కలిసే కాళేశ్వరం ఈ మండలంలోనిదే. ఒకే పానవట్టం మీద కాళేశ్వరుడూ ముక్తేశ్వరుడూ రెండు లింగాలుగా వెలసిన క్షేత్రం. ఇటు దక్షిణాన అడవి దాటి వెళితే ములుగు జిల్లాలో మేడారం. రెండేళ్ళకోసారి మాఘ పౌర్ణమికి సమ్మక్క సారలమ్మల జాతర. పుష్కరాలకో, జాతరకో బయలుదేరాలంటే బస్సులు లేని రోజుల్లో బండి కట్టవలసిందే. ఎడ్లు గంటకు మూడు నాలుగు కిలోమీటర్లు నడుస్తాయి. మధ్యలో మేతకు, నీళ్ళకు విప్పాలి. రోజుకు పాతిక కిలోమీటర్లు సాగితే మంచి నడకే. అంటే పోవడానికి కొన్ని రోజులు, అక్కడ నాలుగు రోజులు, రావడానికి కొన్ని రోజులు. అన్ని రోజులూ ఆ బండే ఇల్లు.

ఇక కలప సంగతి. మహదేవపూర్ అనగానే మీలో చాలామందికి దసలి పట్టు, అదే టస్సర్ చీర గుర్తొస్తుంది కదూ! ఆ పట్టుపురుగు అడవిలో మద్ది ఆకు తిని గూడు కడుతుంది. ఆ మద్దిలోనే నల్లమద్ది అని ఉంది. పురుగుకు ఆకు పెట్టే ఆ చెట్టే బండికి కలప కూడా ఇస్తుంది. అయితే బండి అంతా ఒకే కలపతో చేయరు. మనం పప్పుకి ఒక గిన్నె, పాలకి ఒక గిన్నె వాడినట్టే వడ్రంగి కూడా ఒక్కో భాగానికి ఒక్కో చెట్టు చూసుకుంటాడు. చక్రం నడుమ ఉండే దిమ్మకు తుమ్మ. తుమ్మ మొండిది, ఎన్ని తొలులు వేసినా చీలదు. ఇరుసుకి చిరుమాను లాంటి గట్టి కర్ర. ఎడ్ల మధ్యకు సాగే నొగలకు టేకు లాంటి సాగు కలప. ఎడ్ల మెడ మీద పెట్టే కాడికి మాత్రం తేలిక కర్ర కావాలి, బరువంతా మోసేది ఆ మూగజీవాలే గనక.

పచ్చి కలపతో పని మొదలుపెడితే ఆరిన తరువాత కీళ్ళన్నీ వదులైపోతాయి. అందుకే తుమ్మ మొద్దుల్ని కొన్ని నెలలు చెరువులో నానవేసి, తరువాత నీడలో ఆరబెట్టేవారు. నానితే పురుగు పట్టదు. నీడలో ఆరితే పగుళ్ళు రావు. మనం వడియాలు ఎండలో, కరివేపాకు నీడలో ఎండబెడతామే, అదే తెలివి.

బండిలో అన్నిటికన్నా కష్టమైన పని చక్రం. అందులో ఒక్క మేకు ఉండదు, జిగురు ఉండదు. నడుమ దిమ్మ, దానికి తొలిచిన తొర్రల్లో దిగిన ఆకులు, ఆకుల చివర వంపుగా చెక్కిన పూటీలు. సాధారణంగా ఆరు పూటీలు, ఒక్కో పూటీకి రెండేసి చొప్పున పన్నెండు ఆకులు. ఈ పద్దెనిమిది ముక్కలూ దిమ్మతో కలిసి ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడాలి. ఒక్క ఆకు గింజంత పొట్టిదైతే బరువు పక్క ఆకు మీద పడుతుంది, అది విరుగుతుంది. ఉమ్మడి కుటుంబంలో ఒకరు పని ఎగ్గొడితే తక్కినవారి నడుము విరిగినట్టే!

చక్రం ముక్కలు కూర్చడంతో వడ్రంగి పని అయింది. ఇప్పుడు కమ్మరి పని. ఇనుప పట్టాను గుండ్రంగా వంచి, చివరలు కాల్చి అతికి, కట్టు తయారుచేస్తాడు. ఇక్కడే కిటుకంతా ఉంది. ఆ కట్టు చుట్టుకొలత చక్రం చుట్టుకొలత కంటే కాస్త తక్కువ ఉండాలి. తక్కువైతే ఎలా ఎక్కుతుంది అంటారా? మీకు తెలిసిన సంగతే. పచ్చడి సీసా ఇనుప మూత బిగుసుకుపోతే వేడినీళ్ళు పోస్తాం, మూత వ్యాకోచించి వదులవుతుంది. కమ్మరి చేసేదీ అదే. కట్టు చుట్టూ పిడకలూ కట్టెలూ పేర్చి ఎర్రగా కాలుస్తాడు. ఇనుము సాగుతుంది. ఇద్దరు ముగ్గురు పట్టుకార్లతో ఎత్తి చక్రానికి తొడుగుతారు. గుప్పున పొగ వస్తుంది, కర్ర అంటుకోబోతుంది. వెంటనే బిందెలతో నీళ్ళు గుమ్మరిస్తారు. చల్లారిన ఇనుము కుంచించుకుపోయి ఆ ముక్కలన్నిటినీ ఒకే పట్టున బిగిస్తుంది. కీళ్ళు కిర్రుమని సర్దుకోవడం చెవికి వినిపిస్తుంది. కట్టు మరీ చిన్నదైతే ఆకులు వంగిపోతాయి. మరీ పెద్దదైతే ఎండాకాలం రాగానే దారిలో ఊడి పడుతుంది. ఆ కాస్త తేడా ఎంతో కంటితో తూచేవాడే మంచి కమ్మరి.

చక్రం అంత ఎత్తుగా ఎందుకని ఎప్పుడైనా అనుకున్నారా? పెద్ద చక్రం గుంతలో దిగబడదు, రాయి అడ్డమొచ్చినా సులువుగా ఎక్కుతుంది. ఎడ్లకు లాగుడు తగ్గుతుంది. అంతే కాదు, వాగు దాటేటప్పుడు బండి పలక నీళ్ళకు పైన ఉంటుంది. అడవి దారిలో ఎన్ని వాగులు దాటాలో! మోకాలి లోతు నీళ్ళు వచ్చినా లోపలి బియ్యం తడవకూడదు కదా.

చక్రాల పైన పలక, పలక మీద గూడు. వెదురు బద్దల్ని సెగకు కాచి విల్లులా వంచి, రెండు పక్కలా గుచ్చి, వాటి మీద మేదరివారు అల్లిన తడకలు కప్పుతారు. తడక మీద తాటాకు చాపలో, గోనెలో, తరువాతి కాలంలో టార్పాలినో. వెదురే ఎందుకంటే, తేలిక. పైగా బండి కుదుపుకి గూడు కూడా కాస్త ఊగి సర్దుకుంటుంది. గట్టి చెక్కతో కప్పు వేస్తే ఆ కుదుపుకి కీళ్ళు ఊడతాయి. దొరల, దేశ్‌ముఖుల ఇళ్ళలో ఆడవారి కోసం మెత్తలు వేసి, ముందూ వెనకా పరదాలు కట్టిన సవారీ బండ్లుండేవి. తెలంగాణలో వాటిని కచ్రం అనేవారు. సామాన్యులది మాత్రం పొలానికి ఎరువు తోలే బండే. జాతరకు నాలుగు రోజుల ముందు కడిగి, దానికే గూడు ఎక్కించేవారు.

చూశారా, ఒక్క బండికి వడ్రంగి, కమ్మరి, మేదరి ముగ్గురి చేతులు పడ్డాయి. అయినా అది బండే, ఇంకా ఇల్లు కాలేదు. దాన్ని ఇల్లుగా చేసేది ఇల్లాలు. ఈ సంగతి మనం ఎక్కువగా చెప్పుకోం. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

మొదటిది బరువు. బండి త్రాసులాంటిది. ఇరుసు త్రాసు ముల్లు. వెనక బరువెక్కువైతే కాడి పైకి లేచి ఎడ్ల గొంతుకు పట్టెడ బిగుస్తుంది. ముందు బరువెక్కువైతే మెడలు పుళ్ళు పడతాయి. మేడారంలో అమ్మవార్లకు సమర్పించే బెల్లాన్ని బంగారం అంటారు. మనిషి ఎత్తు బెల్లం మొక్కుకున్నవారికి ఆ ఒక్కదాని బరువే చాలా ఉంటుంది. దాన్ని సరిగ్గా ఇరుసు మీదికి వచ్చేలా పెట్టాలి. బియ్యం బస్తా దాని పక్కన. తిండి తగ్గే కొద్దీ బరువు మారుతుంది. ప్రతి పొద్దునా మళ్ళీ సర్దాలి. పెద్దావిడ ఎక్కడ కూర్చోవాలి, పిల్లలు ఎటు కూర్చోవాలి అన్నది కూడా ఈ లెక్కలోదే.

రెండోది, ప్రతి వస్తువూ రెండు పనులు చేయాలి. బండి అడుగున మందంగా వరిగడ్డి పరుస్తారు. దాని మీద బొంత వేస్తే అదే పరుపు. ఆ గడ్డే ఎడ్లకు మేత. రోజూ కొంత తీసి వేస్తుంటే పరుపు పలచబడుతూ వస్తుంది. తిరుగు ప్రయాణంలో ఎముకలు నొప్పెడుతున్నాయంటే ఎడ్లు కడుపునిండా తిన్నాయన్నమాట! బట్టల మూటే తలగడ. పగలు ఎండకు కట్టిన చీరే రాత్రి చలికి తెర, పసిపిల్ల ఉంటే అదే ఉయ్యాల. బండి కింది చోటు ఇంకో గది. అక్కడ ఉట్టికి కుండలు వేలాడతాయి. పలక మీద పెట్టిన కుండ పగులుతుంది గాని ఉట్టిలో ఊగే కుండ పగలదు. ఆ పక్కనే కోళ్ళ గంప, రాత్రికి లాంతరు, ఒక వెదురు గొట్టంలో కందెన. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపితే కందెన. అది ఇరుసుకు పూయకపోతే బండి ఊరంతా వినపడేలా ఏడుస్తుంది. మొక్కు మేకపోతు బండి వెనకే నడిచి వస్తుంది.

మూడోది తిండి. చెడిపోనిది కావాలి, పొయ్యి లేకుండా పెట్టగలిగేది కావాలి. సంక్రాంతి వెళ్ళిన కొద్ది రోజులకే జాతర వస్తుంది గనక పండక్కి చేసిన సకినాలు డబ్బాలోకి ఎక్కేవి. జొన్నరొట్టెలు రెండు మూడు రోజులు నిలుస్తాయి. వాటిలోకి తొక్కు. మొదటి రోజుకి సర్వపిండి. చింతపండు, ఉల్లిగడ్డ, మిరపకాయ ఉంటే పచ్చిపులుసుకి పొయ్యితో పనే లేదు. సాయంత్రం బండి విప్పిన చోట మూడు రాళ్ళు పెట్టి అన్నం వండితే చాలు. పొయ్యి ఎప్పుడూ గాలివాటు చూసి, బండికి దూరంగా. పక్కంతా గడ్డే కదా, ఒక్క నిప్పురవ్వ చాలు. నీళ్ళకు వాగు ఒడ్డున ఇసుకలో చెలిమె తవ్వేవారు. పారే నీరు తోడుకోకుండా ఇసుకలో ఊరిన నీరు తోడుకోవడంలో ఎంత ఆరోగ్యసూత్రం ఉందో చూడండి. ఇసుకే వడపోత. రాత్రి బండ్లన్నీ దగ్గరదగ్గరగా విప్పి, నడుమ నెగడు వేసేవారు. అడవి కదా.

ఇదంతా విని, అబ్బ, ఎంత బాగుండేవో ఆ రోజులు అనుకుంటున్నారేమో. తొందరపడకండి. కష్టమూ చెప్పాలి. మగవారు చెట్టు చాటుకు ఎప్పుడైనా వెళ్ళగలరు. ఆడవారు తెల్లవారకముందే లేవాలి, లేదా చీకటి పడేదాకా ఓర్చుకోవాలి. నెలసరి వస్తే దారి మధ్యలో ఎవరికి చెప్పుకుంటారు? పిల్లవాడికి జ్వరం వస్తే రెండు రోజుల దూరంలో గాని వైద్యుడు దొరకడు. అకాలవర్షం వస్తే తడక ఆపేది సగమే. నిండు చూలాలికి ఆ కుదుపు ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా? పరదా వెనక కూర్చున్న కచ్రంలోని అమ్మగారికి గాలి కూడా దక్కేది కాదు. బస్సు వచ్చాక బండి వెనకబడిందంటే అందులో వింత లేదు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆడవారికి ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. 2024 ఫిబ్రవరి జాతరకు ఎంతోమంది ఛార్జీ లేకుండా గంటల్లో మేడారం చేరారు. ఇది మేలే. మళ్ళీ బండెక్కమని నేను చెప్పడం లేదు.

ఇలాంటి చక్రాల ఇళ్ళు మనకొక్కరికే కాదు. రాజస్థాన్‌లో గాడియా లోహార్లని కమ్మరులున్నారు. 1568లో చిత్తోడు కోట అక్బరు వశమైనప్పుడు, కోట తిరిగి దక్కేదాకా ఇంటి కప్పు కింద ఉండబోమని తమ పెద్దలు ఒట్టు పెట్టుకున్నారని వారి నమ్మకం. తరతరాలుగా బండ్లలోనే పుట్టి, బండ్లలోనే పెరిగారు. 1955 ఏప్రిల్ 6న నెహ్రూగారు స్వయంగా వారిని చిత్తోడు కోటలోకి తీసుకువెళ్ళారు. వారిలో సమ్మెట ఎత్తి కొట్టేది ఎక్కువగా ఆడవారే! మన లంబాడీలైతే రైళ్ళు రాకముందు వేల ఎడ్ల మీద ధాన్యమూ ఉప్పూ మోసుకుంటూ దేశమంతా తిరిగారు. ఇప్పుడు మనం ఊరుగా చెప్పుకునే తండా అన్న మాట మొదట అలా కదిలే గుంపుకే పేరు.

ఇంగ్లండులో రోమానీలనే సంచారజాతివారు పందొమ్మిదో శతాబ్దంలో గుర్రాలు లాగే చెక్క ఇళ్ళు కట్టుకున్నారు. వార్డో అంటారు. లోపల చిన్న ఇనుప పొయ్యి, వెనక అడ్డంగా మంచం, రంగురంగుల చెక్కడాలు. వాటిలో ఒక రకానికి వంచిన కర్రల మీద గుడ్డ కప్పు ఉంటుంది, అచ్చం మన గూడులాగే. అక్కడి వడ్రంగి కూడా చక్రం దిమ్మకు ఎల్మ్, ఆకులకు ఓక్, పూటీలకు యాష్ అని మూడు చెట్లు వాడేవాడు. ఇనుప కట్టు ఎర్రగా కాల్చి నీళ్ళు పోసి బిగించేవాడు. మన కమ్మరినీ వాళ్ళ కమ్మరినీ ఒక చోట నిలబెడితే మాట తెలియకపోయినా పని జరిగిపోయేదే. ఇంటి యజమాని చనిపోతే ఆ బండిని కాల్చేసే ఆచారం వారిలో ఉండేది. ఇప్పుడు మిగిలిన వార్డోలను మ్యూజియాల్లో దాచుకుంటున్నారు, కొందరు వాటిని బాగుచేయడం నేర్చుకుంటున్నారు.

మరి మన సంగతి? ముందు రబ్బరు టైర్ల బండి వచ్చింది. దానికి ఆకులు అక్కరలేదు, పూటీలు అక్కరలేదు, కట్టు అక్కరలేదు. వడ్రంగి పని సగం పోయింది, కమ్మరి పని దాదాపు పూర్తిగా పోయింది. ట్రాక్టరు వచ్చాక ఎడ్లే తగ్గాయి. అడవి కలపకు అనుమతులు కావాలి. అడవిని కాపాడుకోవాలి గనక అది సబబే. కాని ఏడాదికోసారి కళ్ళం దగ్గర కొలిచి పోసే గింజలతో బతికిన కుటుంబాలకు ఆ గింజలూ పోయాయి, నగరంలో తలుపులూ కిటికీలూ చేసే పనిలోకి కొడుకులు వెళ్ళారు. చక్రం చేయడం పుస్తకంలో చదివితే రాదు. తండ్రి పక్కన కూర్చుని ఆకు చెక్కితేనే వస్తుంది. ఆ తండ్రి చేతులతోటే ఆ విద్యా పోతుంది. బండి పోయినందుకు నాకు దిగులు లేదు. దాన్ని చేసిన తెలివి పోతే మాత్రం దిగులే.

ఈ మధ్య పట్టణాల్లో బండిచక్రాలు కొని గేటు పక్కన ఆనించడం, అద్దం వేసి బల్లగా చేయడం ముచ్చటగా మారింది. తప్పని అనను. అయితే కొన్ని మాటలు గుర్తుంచుకోండి. చక్రం ఎండకూ వానకూ వదిలేస్తే కర్ర కుంచించుకుపోయి కట్టు ఊడుతుంది. వెనకటి రైతులు ఎండాకాలంలో చక్రాన్ని చెరువులో నానవేసేది అందుకే. నీడలో, నేలకు తగలకుండా ఒక పీట మీద ఉంచండి. ఏడాదికోసారి కర్రకు నూనె పట్టించండి. రంగు పూసి కర్రను కప్పేయకండి. పాత చక్రం కొనేకంటే, ఊళ్ళో పని తెలిసిన వడ్రంగి ఉంటే చిన్నదైనా కొత్తది చేయించుకోండి. ఆ డబ్బు సరైన చేతికి చేరుతుంది. వడ్రంగాన్నీ కమ్మరాన్నీ 2023 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన విశ్వకర్మ పథకంలో చేర్చారు. మీకు తెలిసిన పనివారికి ఆ సంగతి చెప్పండి, దరఖాస్తు రాయడానికి సాయపడండి. చదువుకున్న మనం చేయగల చిన్న పని అది.

పుట్టింటివారి కొట్టంలో పాత బండి ఉంటే, అమ్మేముందు ఒకసారి పిల్లల్ని తీసుకువెళ్ళి చూపించండి. ఏది ఇరుసు, ఏది పూటీ అని పెద్దవారిచేత చెప్పించండి. ముఖ్యంగా ఇంట్లో జాతరకు బండిలో వెళ్ళిన పెద్దావిడ ఉంటే, ఏమేమి సర్దుకున్నారు, ఎక్కడ విప్పారు, ఏమి వండారు అని అడిగి ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టండి. వడ్రంగి చేసిన చక్రం కొట్టంలోనైనా మిగులుతుంది. ఆవిడ చేసిన సర్దుబాటుకు ఆవిడ జ్ఞాపకం తప్ప వేరే గుర్తు లేదు. ఈ ఆదివారమే అడగండి. సెలవు.